బల్లీమారాన్ వీథిలో గాలిబు మహాకవి

కవి జీవితమును వ్రాయువారు సాధారణముగా అతని వంశమును గూర్చియు, జన్మస్థలమును గూర్చియు విపులముగా వ్రాయుదురు. అతడు ఏ పేటలో కాపురముండెను, ఇరుగుపొరుగువారెవరు, వారి పలుకు అతని రచనలో ఎట్లు ప్రవేశించెను అను విషయములపై అంతటి శ్రద్ధ కానరాదు. ఉర్దూ, పారసీ భాషలు రెండింటను మహాకవిగా వాసికెక్కిన మీర్జా గాలిబు విషయమున ఈ ప్రశ్నలే ముఖ్యములు. అతడు పుట్టినది ఆగ్రాలో. కాని ఏబది సంవత్సరములకు మించి జీవించినది ఢిల్లీలో; అందును అధికకాలము చాందినీ చౌకునకు చేరువనున్న బల్లీమారాన్ పరిసరములలో. ఇన్నియేండ్లలో అతనికి సొంత ఇల్లనునది ఏర్పడలేదు. ఇల్లు లేని ఆ కవికి పేటయే ఇల్లయ్యెను. 1857లో ఆ పేట చెదరిపోగా, దానిని అతడు తన లేఖలలో తిరిగి నిలిపెను. ఉర్దూ వచనమునకు కొత్త మార్గము ఏర్పడుటకు అది ఒక ప్రధానహేతువు.

గాలిబు అసలు పేరు మీర్జా అసదుల్లా బేగ్ ఖాన్. 1797 డిసెంబరు 27వ తేదీన జన్మించెను. ఇతని పితామహుడు ఖూఖాన్ బేగ్ పదునెనిమిదవ శతాబ్దిలో సమర్ఖండు నుండి హిందూదేశమునకు వచ్చిన సైనికుడు. తండ్రి అబ్దుల్లా బేగ్ ఖాన్ కూడ సైనికవృత్తిలోనే యుండి, కుమారునికి అయిదేండ్ల ప్రాయమున అల్వారు సంస్థానపు కొలువులో మరణించెను. పినతండ్రి నస్రుల్లా బేగ్ ఖాన్ బాలుని పోషణభారము వహించెను గాని, 1806లో అతడును గతించెను. అటుపిమ్మట ఆ కుటుంబమునకు ఆంగ్ల ప్రభుత్వము ఏర్పరచిన భరణము ఫిరోజ్‌పూర్ ఝిర్కా నవాబు అహ్మద్ బఖ్ష్ ఖాన్ ద్వారా అందుచుండెను. అందు గాలిబు వంతునకు వచ్చినది నెలకు 62 రూపాయల 8 అణాలు మాత్రమే. ఈ స్వల్పధనమును గూర్చిన వ్యాజ్యము అతనిని జీవితములో చాలభాగము వెంటాడినది.

బాల్యము మాతామహుల గృహమున సుఖముగా గడచెను. ఆగ్రాలో అతని ఆటతోడు మున్షీ బన్సీధర్. వారిరువురును రాత్రి ప్రొద్దుపోవువరకు చదరంగమాడెడివారు. రాజా బల్వాన్ సింగుతో పోటీపడి గాలిపటములెగురవేసెడివాడు. హిందువుల ఇండ్లకును, మహమ్మదీయుల ఇండ్లకును నడుమ గోడయేగాని అడ్డులేని జీవితమది. ఈ బన్సీధరుని మనుమడు శివనారాయణ్ దీర్ఘకాలమునకు పిమ్మట ఆగ్రాలో ముద్రాపకుడై గాలిబు గ్రంథమును ప్రకటించుట గమనింపదగినది.

1810 ఆగస్టులో, పదుమూడవ యేట, గాలిబునకు ఉమ్రావ్ బేగముతో వివాహమయ్యెను. ఈమె తండ్రి ఇలాహీ బఖ్ష్ ఖాన్ నవాబు అహ్మద్ బఖ్షునకు తమ్ముడు. మారూఫ్ అను పేరుతో కవిత్వము చెప్పినవాడు. వివాహమైన రెండుమూడేండ్లకు గాలిబు ఢిల్లీకి తరలివచ్చి అచటనే స్థిరపడెను. ఉద్యోగము కొరకు వచ్చినవాడు కాడు. రాజాస్థానము పిలువగా వచ్చినవాడును కాడు. అత్తవారి ఊరికి వచ్చిన అల్లుడు మాత్రమే.

ఆనాటి ఢిల్లీ విచిత్రస్థితిలో నుండెను. 1803లో ఆంగ్లేయుల వశమైన నగరమున మొగలు చక్రవర్తి అధికారము కోటగోడలను దాటదు. కాని రాజ్యము పోయిన నగరమున విద్య పోలేదు. షాజహాను కాలమున ఏర్పడిన చాందినీ చౌకునకు పశ్చిమభాగమున చీలు వీథి బల్లీమారాన్. గడలతో పడవలు నడుపువారు పూర్వము నివసించుటచే ఆ పేరు కలిగినదందురు. దానినుండి చీలిన గలీ ఖాసిం జాన్ అను సందు గాలిబు అత్తవారి వంశమునకు చెందిన ఖాసిం జాన్ పేర వెలసినది. ఆ పరిసరములలో ప్రసిద్ధులైన యునానీ వైద్యులు షరీఫ్‌ఖానీ హకీముల భవనమును, నవాబుల హవేలీలును, సూఫీ గురువుల నివాసములును, వర్తకుల యిండ్లును, పారసీ చదివిన హిందూ మున్షీల యిండ్లును కలసియుండెను. అజ్మీరీ ద్వారము కడ నెలకొనిన ఢిల్లీ కళాశాలలో అరబ్బీ పారసీలతోపాటు పాశ్చాత్యశాస్త్రములను ఉర్దూ మాధ్యమమున బోధించెడివారు. గణితశాస్త్రజ్ఞుడు మాస్టర్ రామచంద్ర అచటి అధ్యాపకుడే. కవుల ఇండ్లలోను, కోటలోను ముషాయిరాలు జరుగుచుండెను. వైద్యుడును కవియే, న్యాయాధిపతియును కవియే. హకీం మోమిన్ ఖాన్ మోమిన్, ముఫ్తీ సద్రుద్దీన్ ఆజుర్దా, నవాబు ముస్తఫా ఖాన్ షేఫ్తా, ఇమాం బఖ్ష్ సహ్‌బాయీ, చక్రవర్తికి కవితాగురువైన జౌఖ్ మున్నగువారు ఒక నడక దూరములో నివసించిన నగరమది.

ఈ సమాజము గాలిబును వెంటనే ఆదరింపలేదు. తొలినాటి అతని ఉర్దూ కవిత్వము పారసీ కవి బేదిల్ మార్గము ననుసరించి, క్లిష్టసమాసములతోను, దూరాన్వయములతోను నిండియుండెను. క్రియాపదము నొక్కదానిని మార్చినచో అది పారసీ పద్యమే యగుననదగిన రచన. అర్థము కాదని ముషాయిరాలలో పరిహసించిరి. అతడు మొదట కోపించెను. తన కవిత్వము తెలియుట తెలియకపోవుట ఇతరుల భారమని తలచెను. కాని మౌల్వీ ఫజ్లె హఖ్ ఖైరాబాదీ వంటి పండితమిత్రులు చెప్పిన మాట చెవికెక్కెను. తన ఉర్దూ పద్యములలో పెక్కింటిని తొలగించి స్వల్పభాగమునే మిగిల్చెను. ఆ ఎంపికయే 1841లో ఢిల్లీలో ముద్రితమైన దీవాను. మిక్కిలి చిన్నదైన ఆ గ్రంథముపైననే నేటికిని అతని ఉర్దూ కవితాకీర్తి నిలిచియున్నది. తన మేధాశక్తిపై అంతటి అభిమానము గల కవి మిత్రుల మాటపై తన రచననే కోసివేయుట సామాన్యముగ జరుగు పని కాదు.

భరణపు వ్యాజ్యమునకై గాలిబు కలకత్తాకు చేసిన ప్రయాణము అతని జీవితమున మరియొక ఘట్టము. లక్నో, బాందా, అలహాబాదుల మీదుగా కాశి చేరి, ఆ నగరమును కీర్తించుచు చిరాగె దైర్ అను పారసీ మస్నవీని రచించెను. గంగాతీరమున కొలదికాలము నిలిచిన ఒక మహమ్మదీయ కవి కాశిని హిందూస్థానమునకు కాబాగా భావించి వర్ణించిన కావ్యమది. 1828 ఫిబ్రవరిలో కలకత్తా చేరి సిమ్లా బజారులో ఇల్లు అద్దెకు తీసికొనెను. అచటి మదర్సాలో జరిగిన ముషాయిరాలలో అతని పారసీ ప్రయోగములను కొందరు ఆక్షేపించిరి. వారు ప్రమాణముగా చూపిన ఖతీల్ అను కవిని గాలిబు అంగీకరింపక, హిందూదేశమున పుట్టినవాడు పారసీకి ప్రమాణము కాజాలడని వాదించెను. తానును ఇచటనే పుట్టినవాడన్న మాట అతనికి గుర్తురాలేదు కాబోలు. వ్యాజ్యము ఫలింపలేదు. 1829 చివర ఢిల్లీకి తిరిగి వచ్చెను. అర్జీ 1831లో తిరస్కృతమయ్యెను. మిగిలినవి అప్పులు, వానితోపాటు ముద్రణాలయములు, వార్తాపత్రికలు మున్నగువానిని కన్నులార చూచిన అనుభవము.

తరువాతి ఇరువది సంవత్సరములు లేమితో గడచెను. గాలిబు అద్దె యిండ్లలోనే ఉండెను. ఒక ఇల్లు విడిచినచో సమీపమున మరియొకటి. పేట మాత్రము మారదు. పుస్తకములను కూడ అతడు కొనువాడు కాడనియు, అంగడివాని నుండి అద్దెకు తెప్పించుకొని చదివి తిరిగి పంపెడివాడనియు అతని శిష్యుడును ప్రథమ జీవితచరిత్రకారుడునగు హాలీ 1897లో ప్రకటించిన యాద్‌గారె గాలిబ్ అను గ్రంథమున తెలిపెను. తన పద్యముల ప్రతులను సైతము అతడు దాచుకొనలేదు. బంధువగు నవాబు జియావుద్దీన్ అహ్మద్ ఖాన్ మున్నగు వారి గ్రంథాలయములలో అవి చేరెడివి. ఇట్లు అతని ఇల్లు, గ్రంథభాండారము, జ్ఞాపకము అన్నియు పేటలో పంచిపెట్టబడియుండెను.

సంతానము ఏడుగురు కలిగిరి గాని ఒక్కరును రెండేండ్లు నిండువరకు బ్రతుకలేదు. ప్రేమతో పెంచిన భార్య అక్క కొమరుడు జైనుల్ ఆబిదీన్ ఖాన్ ఆరిఫ్, తానును సుకవియే, 1852లో యౌవనమున గతించెను. అతని పసివారలిరువురను గాలిబు దంపతులే సాకిరి. అంతకు ముందు, 1847లో, ఇంట జూదమాడించెనన్న నేరముపై గాలిబునకు ఆరు మాసముల శిక్ష పడెను. మూడు మాసములకు విడుదలయ్యెను. ఆ అవమానకాలమున బంధువులలో కొందరు ముఖము చాటువేయగా, షేఫ్తా మాత్రము చెరసాలకు వచ్చి పరామర్శించుచుండెను. విడుదలైన పిమ్మట చక్రవర్తికి గురువైన మియాన్ కాలే సాహెబు బల్లీమారాన్‌లోని తన ఆవరణమున అతనికి నివాసమిచ్చెను. కళాశాలలో పారసీ ఆచార్యపదవి లభింపనున్నప్పుడు, ఆంగ్లాధికారి ఎదురువచ్చి మర్యాద చేయలేదని పల్లకి నుండి దిగకయే మరలివచ్చిన వాని గౌరవము తుదకు ఇరుగుపొరుగు చేతిలో నిలిచినది.

1850లో చక్రవర్తి బహదూర్ షా అతనికి బిరుదములిచ్చి, తైమూరు వంశచరిత్రమును పారసీలో వ్రాయ నియోగించి, నెలకు 50 రూపాయలు ఏర్పరచెను. 1854లో జౌఖ్ మరణించగా చక్రవర్తికి కవితాగురువయ్యెను. ఈ చరిత్రరచనలో పారసీ గద్యశక్తియంతయు వ్యయమగుచుండుటచే, మిత్రులకు లేఖలను పారసీలో శ్రమపడి వ్రాయుట మాని ఉర్దూలో వ్రాయసాగెనని హాలీ చెప్పుచున్నాడు. అప్పటికి అది ఒక సౌకర్యము మాత్రమే. అలసిన చేతికి మాతృభాష తోడుపడినది. అది సాహిత్యమగునని వ్రాసినవాడు తలపలేదు.

1857 మే 11వ తేదీన తిరుగుబాటుసేనలు ఢిల్లీలో ప్రవేశించెను. సెప్టెంబరులో ఆంగ్లసేన నగరమును మరల గైకొనెను. నగరవాసులలో వేలకొలది జనులు పారిపోయిరి, పెక్కుమంది చంపబడిరి. గాలిబు ఇల్లు కదలలేదు. సందు వాకిలి మూసి రాళ్లు పేర్చుకొని లోపల నిలిచిన కొలదిమందిలో అతడొకడు. ఆ సందు నిలిచినది హకీముల పుణ్యమున. వారు పటియాలా మహారాజునకు వైద్యులగుటచే, ఆంగ్లేయులకు మిత్రుడైన ఆ రాజు తన సైనికులను అచట కాపుంచెను. నీరు దొరకలేదు. వాన కురిసినప్పుడు దుప్పటి కట్టి దాని క్రింద కుండలుంచి నీరు పట్టుకొనిరి. భద్రమని భార్య కాలే సాహెబు ఇంట దాచిన నగలు ఆ ఇంటితోపాటు దోపిడిపాలయ్యెను. వేరొక ఇంట నివసించుచున్న తమ్ముడు, చిరకాలముగా మతిచలించిన మీర్జా యూసుఫ్, అక్టోబరులో మరణించెను. శవవాహకులు లేరు, శ్మశానమునకు పోవు వీలు లేదు. పొరుగువారు కొందరు తోడురాగా, గాలిబు ఇంటి దుప్పట్లే ప్రేతవస్త్రములుగా, సమీపపు మసీదు ఆవరణలోనే పాతిపెట్టిరి.

భరణము ఆగిపోయెను. ఆస్థానము అంతరించెను. ఆ కాలమున ఆదుకొన్నవారిని గూర్చి గాలిబు తన పారసీ గ్రంథము దస్తంబూలో కృతజ్ఞతతో పేర్కొనెను. వారిలో మహేశ్ దాస్, హీరా సింగ్, శివజీ రామ్ అను బ్రాహ్మణుడు కలరు. శిష్యుడు హరగోపాల్ తఫ్తా మీరట్టు నుండి ధనము పంపెను. ఈ గ్రంథము ఆంగ్లప్రభువుల మెప్పు కోరి వ్రాసినదను మాట నిజమే; 1858లో ఆగ్రాలో శివనారాయణ్ ద్వారా అచ్చొత్తించి అధికారులకు పంపెను. అయినను భరణము 1860 వరకు తిరిగి రాలేదు. నడుమ 1859 నుండి రాంపూరు నవాబు యూసుఫ్ అలీ ఖాన్ నెలకు 100 రూపాయలు పంపుచు ఆ ఇంటిని నిలిపెను.

పేట మాత్రము నిలువలేదు. హిందువులు 1858 ఆరంభముననే నగరమునకు తిరిగి రాగలిగిరి గాని మహమ్మదీయులకు ఆ అనుమతి చాల ఆలస్యముగ లభించెను. సహ్‌బాయీ కాల్చివేయబడెను. ఫజ్లె హఖ్ అండమానుకు పంపబడి 1861లో అచటనే గతించెను. ఆజుర్దా తన గ్రంథాలయమును పోగొట్టుకొనెను. షేఫ్తాకు చెరశిక్ష పడి పిదప రద్దయ్యెను. గాలిబు పద్యములు దాచియుంచిన గ్రంథాలయములు దోపిడిపాలయ్యెను. ఒక బిచ్చగాడు తన గజలును పాడుచుండగా విని, దానిని కాగితముపై వ్రాయించుకొని, ఆ కాగితము చూచి కన్నీరు పెట్టుకొన్నట్లు అతడు ఒక లేఖలో తెలిపెను. కోట ఎదుటను, జామా మసీదు చుట్టును ఉన్న ఉర్దూ బజారు, ఖాస్ బజారు, ఖానం బజారు కూలద్రోయబడెను.

ఉర్దూ లేఖలు అధికముగా వెలువడినది ఈ శిథిలముల మధ్యనే. మీర్ మహదీ మజ్రూహ్ పానిపట్టులో నుండెను, తఫ్తా సికందరాబాదులో, అనగా దక్షిణదేశమునది కాక ఢిల్లీకి సమీపమునగల ఊరిలో, అలాయీ లోహారులో, మెహర్ ఆగ్రాలో, బేఖబర్ అలహాబాదులో. వెనుకటివలె సాయంకాలము వచ్చి కూర్చుండువారు లేరు గనుక గాలిబు కాగితముపైననే వారిని కూర్చుండబెట్టెను. పారసీ లేఖనసంప్రదాయమున బారెడు సంబోధనములు, ఉపచారవాక్యములు ఉండెడివి. గాలిబు వానిని విడిచి, ఎదుటివాడు గదిలోనికి అడుగిడినట్లు సూటిగ ప్రారంభించును. ప్రశ్న తానే వేయును. మిత్రుని నోటి జవాబును తానే పలికించును. ఎవరు తిరిగి వచ్చిరి, ఏ గోడ పడినది, ఏ బావి నీరు ఉప్పనైనది, వానకు పైకప్పు ఎట్లు కారుచున్నది, మామిడిపండ్లు వచ్చినవా లేదా అనునవి అందలి విషయములు. లేఖను సంభాషణముగా మార్చితినని అతడే చెప్పుకొనెను. 1854లో దేశమంతటికి ఒకే తీరు తపాలా రుసుము ఏర్పడుట ఇందుకు తోడ్పడెను. వ్రాసినది ప్రజల నోట నాడు ఢిల్లీ ఉర్దూ. ఆ పలుకు నేర్పిన ముంగిళ్లు అప్పటికే కూలిపోయినవి.

ఆంధ్రవాఙ్మయ చరిత్రతో ఈ కాలమును పోల్చిచూచుట ఉపయుక్తము. చెన్నపట్టణమున పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికను ప్రకటించినది 1853లో. బాలవ్యాకరణము 1858 నాటిది. ఒకే దశాబ్దిలో చెన్నపురి పాఠశాలలో తెలుగు వచనము వ్యాకరణబద్ధమై గ్రాంథికరూపము దాల్చగా, ఢిల్లీ సందులో ఉర్దూ వచనము అలంకారములను విడిచి వాడుకలోనికి దిగినది. ఒకదానికి పాఠశాల కారణము, రెండవదానికి చెదరిన స్నేహబృందము కారణము. తెలుగున వ్యావహారికవాదము తలయెత్తుటకు మరి యేబది యేండ్లు పట్టెను.

అయినను గాలిబు వాడుకభాషావాది యని తలచుట పొరపాటు. తన కీర్తికి ఆధారము పారసీయేనని అతడు తుదివరకు నమ్మెను. 1862లో ప్రకటించిన ఖాతె బుర్హాన్ ఇందుకు నిదర్శనము. బుర్హానె ఖాతె అను ప్రసిద్ధ పారసీ నిఘంటువులోని దోషములను అందు ఎత్తిచూపెను. ఆ నిఘంటువు పదునేడవ శతాబ్ది నడుమ గోలకొండలో, అబ్దుల్లా కుతుబ్ షా కాలమున, ముహమ్మద్ హుసేన్ తబ్రీజీ కూర్చినది. తెలుగుదేశమున పుట్టిన గ్రంథమొకటి ఢిల్లీ కవి వార్ధక్యమును ఇట్లు కలచివేసినది. ప్రతివాదగ్రంథములు వెలువడెను, దూషణలేఖలు వచ్చెను, వ్యవహారము న్యాయస్థానము వరకు పోయి ఫలింపలేదు. ఏ భాషను గూర్చి ఇంత పోరాడెనో ఆ భాషకు చదువరులు తగ్గుచుండిరి. ఏ లేఖలను అచ్చువేయవలదని మొదట వారించెనో అవి వ్యాపించెను. ఊదె హిందీ అను లేఖాసంపుటము 1868లో మీరట్టున వెలువడెను. ఉర్దూయె ముఅల్లా 1869 మార్చిలో వెలువడునాటికి అతడు జీవించిలేడు.

చెవి వినబడక, చూపు మందగించి, వచ్చినవారితో కాగితముపై వ్రాతమూలముననే సంభాషించు స్థితికి వచ్చిన గాలిబు 1869 ఫిబ్రవరి 15వ తేదీన ఢిల్లీలో పరమపదించెను. నిజాముద్దీన్ దర్గా సమీపమున, అత్తవారి వంశపు శ్మశానవాటికలో అతనిని సమాధి చేసిరి. ఉమ్రావ్ బేగము మరుసటి యేట గతించెను. సమాధిపై పాలరాతి కట్టడము 1955లో వెలసెను. గలీ ఖాసిం జాన్‌లో అతడు తుదిదినములు గడపిన ఇల్లు తరువాత అంగళ్లకును, కర్మాగారమునకును నెలవై, 2000 సంవత్సర ప్రాంతమున ఢిల్లీ ప్రభుత్వముచే కొంతభాగము స్మారకముగా ఉద్ధరింపబడెను. తెలుగువారికి ఆ కవిని చేరువ చేసినది దాశరథి కృష్ణమాచార్యుల గాలిబ్ గీతాలు. అది 1961 నాటిది. పద్యములు ఇట్లు తెలుగైనవి గాని ఆ లేఖలకు తెలుగున అంతటి ప్రచారము కలుగలేదు.

ఆగ్రా గాలిబునకు జన్మమిచ్చినది. పారసీ అతనికి అభిమానమిచ్చినది. ఢిల్లీ ఆస్థానము ఆలస్యముగ బిరుదమిచ్చినది. హకీము, సూఫీ, మున్షీ, వర్తకుడు, కవి ఒకే సందులో మసలిన పేట ఇచ్చినది భాషను. ఆ పేట అతని కన్నుల యెదుట నశించెను. దానిలోని మాట మాత్రము తపాలా సంచులలో ఊరూరికి పోయి బ్రతికినది. ఒక భాష నిలుచుటకు నిఘంటువులును, రాజాస్థానములును ఎంత అవసరమో, సాయంకాలము వచ్చి కూర్చుండు పొరుగువాడును అంత అవసరమని ఈ కవి జీవితము నిరూపించుచున్నది.